గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి చరిత్రము

కచ్చేరీ దస్తరములలో నేమి వ్రాయబడినదో తెలిసికొను అధికారము నేడు సామాన్యునకు శాసనసిద్ధము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ననుసరించి స్వల్పశుల్కము చెల్లించి యెవరైనను సర్కారువారిని ప్రశ్నింపవచ్చును. నూటయెనుబది సంవత్సరములకు పూర్వము కుంపిణీవారి యేలుబడిలో స్థితి వేరు. దొరతనమువారి చర్యలను గూర్చి సభ గూడి మాటాడుటయే సాహసముగా నెన్నబడుచుండెను. అట్టి కాలమున తాము నోరు విప్పి, నోరులేని రయితులచేత గూడ మాటాడించిన మహనీయులు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. మన మహాజనులకు వారి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

వీరు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకముచేసి ధనవంతులైనవారు. లక్ష్మీనరసు శెట్టిగారును చిన్ననాటనే వర్తకమున బ్రవేశించి విశేషముగా నార్జించిరి. వీరిది గొప్ప పాండిత్యము గాదు. లోకజ్ఞానము, ధైర్యము, ధనము అను మూడును కలవు. ఈ మూడును ఒక్కచో నుండుట యరుదు, ఉన్నను పరార్థమున కుపయోగపడుట మఱింత యరుదు.

1835వ సంవత్సరమున మెట్కాఫు దొరగారు చేసిన శాసనముచే హిందూదేశమున పత్రికలకు స్వేచ్ఛ లభించెను. స్వేచ్ఛ లభించినను దాని నుపయోగించుకొను స్వదేశీయపత్రికలు చెన్నపురిలో చాలకుండెను. ఆ లోపమును తీర్ప శెట్టిగారు పూనుకొని, 1844వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన క్రెసెంటు, అనగా బాలచంద్రుడు, అను ఆంగ్లపత్రికను వెలువరించిరి. హార్లీ యను ఆంగ్లేయుడు దానికి సంపాదకుడయ్యెను. ఇతరుల ప్రకటనల నెల్ల నచ్చువేయుచుండిన ఫోర్టు సెంటుజార్జి గెజెటులో, ఈ పత్రిక ప్రకటనకు మాత్రము చోటు దొరకలేదు. శెట్టిగారు దీనికి జంకినవారు కారు.

అప్పటి గవర్నరు ట్వీడ్‌డేలు ప్రభువు. సర్కారు పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగా జేయవలెనని యాయన సంకల్పించెను. ప్రజలు కలతనొందిరి. 1846వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన శెట్టిగారి పూనికవలన పట్టణమున బహిరంగసభ జరిగి, సీమలోని డైరెక్టర్లకు విజ్ఞాపనపత్రము పంపుటకు నిర్ణయమయ్యెను. డైరెక్టర్లు గవర్నరుగారి ప్రతిపాదన నంగీకరింపలేదు. గవర్నరు తలచిన పని ప్రజాసభ నిర్ణయముచే నాగుట చెన్నపురివారికి క్రొత్త యనుభవము.

1853వ సంవత్సరమున కుంపిణీవారి సనదు మరల పార్లమెంటు విచారణకు రావలసి యుండెను. ముందుగనే 1852లో శెట్టిగారు మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించి, ఈ రాజధానిలోని జనుల కష్టములను వివరించు అర్జీని పార్లమెంటునకు పంపిరి. శిస్తుభారము, న్యాయస్థానముల జాప్యము, చెఱువుల బాగులేమి, బాటలు లేమి, పాఠశాలల కొఱత అందు జెప్పబడినవి. వీనితోపాటు, శిస్తు వసూలునకై రయితులను హింసించుటయు వెల్లడి కావలసియుండెను.

ఈ హింసావిషయము కొంత విస్తరించి చెప్పవలెను. కిట్టి యనునది వ్రేళ్లను నొక్కు కొయ్యపనిముట్టు. మెడ వంచి, దానిని కాలివ్రేళ్లతో త్రాటగట్టి, వీపుపై రాయి యుంచి యెండలో నిలుపుటయు గలదు. కొలది రూపాయల బాకీకి, ఒక్కొకప్పుడు అణాలకే యీ దండనము. ఊరూర నెల్లరెఱిగిన సంగతియే. అయినను దస్తరములలో నెచ్చటను లేదు. దస్తరములో లేనిది జరుగనే లేదని పైవారి వాదము. 1816 నుండి శిస్తు వసూలుచేయు తాసిల్దారే పోలీసధికారియును. కొట్టించినవానికే కొట్టెనని ఫిర్యాదు చేసికొనవలెను! ఇక వ్రాతకెక్కు టెట్లు?

శెట్టిగారు తెలివిగా నాలోచించిరి. 1853వ సంవత్సరాంతమున డాన్‌బీ సీమూరు అను పార్లమెంటు సభ్యుడు దేశస్థితిని స్వయముగా జూడ వచ్చెను. వారిని వెంటబెట్టుకొని జిల్లాలు తిరిగి, రయితులను వారి యెదుట నిలిపి, దెబ్బతిన్నవారిచేతనే చెప్పించిరి. సీమూరు స్వదేశమునకు మరలినపిదప 1854 జూలైలో పార్లమెంటున ఈ విషయము చర్చకు వచ్చెను. కుంపిణీ పక్షమువారిలో నమ్మనివారు కలరు. నమ్మనివారు విచారణ వలదనుట కష్టము గదా!

అంతట ఇలియట్టు, స్టోక్సు, నార్టను అను మువ్వురితో విచారణసంఘ మేర్పడెను. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని రాజధాని యంతట ప్రకటింపబడెను. 519 మంది స్వయముగా వచ్చిరి. 1,440 మంది వ్రాసిపంపిరి. మొత్తము 1,959 ఫిర్యాదులు. 1855వ సంవత్సరమున నివేదిక యచ్చుపడెను. హింస కలదనియు, అది సర్వసామాన్యమనియు అందు ఒప్పుకొనబడెను. దోషమునంతయు స్వదేశోద్యోగులపైకి త్రోసి తెల్లదొరలను నిర్దోషులనుటలో కమీషనువారు పక్షపాతము చూపిరని నా యభిప్రాయము. పైవానికి శిస్తు పైకమే గాని వచ్చినవిధము పట్టనిచో క్రిందివాడెట్లు ప్రవర్తించును?

ఎట్లయినను ఫలము కలిగెను. శిస్తు, పోలీసు అధికారములు ఒక్క చేతిలో నుండరాదని కమీషనువారు సూచించిరి; 1859వ సంవత్సరపు పోలీసు శాసనముచే ఈ రాజధానిలో పోలీసుశాఖ వేరయ్యెను. పోలీసువారియెదుట జేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదను నియమము 1861వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడులో జేరెను. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టమునను నిలిచెను.

ఒకప్పుడు ప్రకటనకు గెజెటులో చోటీయని దొరతనమువారే, పిదప శెట్టిగారికి సి.యస్.ఐ. బిరుదము నిచ్చి, 1863లో శాసనసభయందు సభ్యునిగా నియమించిరి. అప్పటికే వారి యైశ్వర్యము క్షీణించెను. పత్రికకును, సంఘమునకును, అర్జీలకును వెచ్చించిన ద్రవ్యమునకు లెక్క యెవ్వరు వ్రాసిరి? 1868వ సంవత్సరమున దారిద్ర్యమున వారు స్వర్గస్థులైరి. నేను చరిత్రపాఠములు చెప్పిన దినములలో పాఠ్యపుస్తకమున వారి పేరు కానరాదు. 1855వ సంవత్సరపు నివేదిక మాత్రము పెద్ద గ్రంథాలయములలో నేటికిని లభించును. దాని యనుబంధములలో, ఒకప్పు డే దస్తరమునను వ్రాయబడని రయితుల వాఙ్మూలములు, వారి పేళ్లతోను ఊళ్లతోను గూడ, అచ్చుపడి యున్నవి.