చదువురాని తల్లి పెంచిన చదువరి



పిల్లలకు పుస్తకాలు చదివే అలవాటు ఇంట్లోనే కలగాలని చెప్పినప్పుడు మన విచారణలలో అనేకమంది తల్లిదండ్రులు ఒక మాట అంటారు. మేమే చదువుకోలేదు, మాకు అక్షరాలే సరిగా రావు, ఇక పిల్లలకు మేమేమి నేర్పగలం, అదంతా బడిలో పంతులుగారి పని అంటారు. ఈ మాటలో వినయం ఉంది గాని, నిజం సగమే ఉంది. అక్షరాలు దిద్దించడానికి చదువు వచ్చినవారు కావాలి. కాని చదవడంలోని ఆనందం పసివాడి మనసులో నాటుకోవడానికి తల్లికి చదువు వచ్చి తీరాలన్న నియమమేమీ లేదు. ఇందుకు సాక్ష్యంగా అమెరికా దేశపు 16వ అధ్యక్షుడు అబ్రహాం లింకన్ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆయన పూరిపాక వంటి ఇంట్లో పుట్టి అధ్యక్షుడైన సంగతి మీకందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఆయనను పెంచిన స్త్రీని గూర్చి తెలిసినవారు తక్కువ.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో, దుంగలతో కట్టిన ఒక చిన్న ఇంట్లో జన్మించాడు. తండ్రి థామస్ వ్యవసాయమూ వడ్రంగమూ చేసుకుని బ్రతికేవాడు. తన పేరు అతికష్టం మీద వ్రాయగలిగేవాడు, అంతకు మించి వ్రాత రాదు. 1816లో ఆ కుటుంబం ఇండియానాకు వలస వెళ్ళింది. అక్కడ అంతా దట్టమైన అడవి. చెట్లు కొడితేగాని విత్తనం వేయడానికి జాగా లేదు. అందుచేత ఎనిమిదేళ్ళయినా నిండని బాలుని చేతికి గొడ్డలి వచ్చింది. 1818లో తల్లి నాన్సీ మరణించింది. అడవిలో మేసే ఆవులు ఒక విషపు మొక్కను తినడం వల్ల వాటి పాలు విషమై, ఆ పాలు త్రాగినవారికి వచ్చే జబ్బు అది. అప్పటికి లింకన్‌కు తొమ్మిదేళ్ళు. వంటావార్పూ పదకొండేళ్ళ అక్క మీద పడింది.

మరుసటి ఏడు, 1819 డిసెంబరులో, థామస్ తిరిగి కెంటకీ వెళ్ళి సారా అనే వితంతువును వివాహమాడి తీసుకొచ్చాడు. ఆమెతో పాటు ఆమె ముగ్గురు పిల్లలు కూడా వచ్చారు. సవతి తల్లి అనగానే మన కథలలో వినిపించేది కష్టాలే కదా! సారా ఆ కథలన్నిటినీ అబద్ధం చేసింది. వచ్చీ రాగానే ఆ తల్లిలేని పిల్లలకు ఒళ్ళు రుద్ది స్నానం చేయించి, మంచి బట్టలు తొడిగింది. వట్టి మట్టినేలగా ఉన్న ఇంటికి భర్త చేత చెక్కలు పరిపించింది. తన పిల్లలకూ వారికీ తేడా చూపలేదు.

ఆమె బండిలో తెచ్చిన సామానులో మంచాలు, పరుపులు, వంటపాత్రలతో పాటు కొన్ని పుస్తకాలు కూడా ఉన్నాయి. సారాకు చదువు రాదు. సంతకం చేయవలసి వస్తే గుర్తు పెట్టేది. తనకు ఒక్క ముక్క చదవడం రాకపోయినా, పుస్తకాలను అంత దూరం అడవి దారిన మోసుకొచ్చిన ఆ ఇల్లాలి మనసును ఒక్క క్షణం ఆలోచించండి.

ఆ రోజుల్లో లింకన్ చదివిన పుస్తకాలు చాలా కొద్ది. బైబిలు, ఈసపు నీతికథలు, రాబిన్‌సన్ క్రూసో, మన తెలుగులో యాత్రికుని ప్రయాణము అనే పేరుతో వచ్చిన జాన్ బన్యన్ గ్రంథము. ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ చదివాడు. బడికి వెళ్ళిన రోజులన్నీ కూడినా సంవత్సరం కాదు. కాబట్టి అతని అసలు బడి ఇల్లే.

ఆ ఇంట్లో సారా చేసిన పనులు పైకి చాలా చిన్నవి. పిల్లవాడు చదువుకుంటుంటే పని చెప్పి లేపకూడదని, తనంతట తాను పుస్తకం మూసేవరకు కదిలించకూడదని ఆమె నియమం పెట్టుకుంది. నచ్చిన వాక్యం కనిపిస్తే, కాగితం లేకపోతే చెక్క మీద వ్రాసుకునేవాడు. కాగితం దొరికినప్పుడు దానిలోకి ఎక్కించి, మరల మరల చెప్పుకుని మనసులో నిలుపుకునేవాడు. ప్రార్థనకు వెళ్ళి వచ్చినప్పుడు మిగతా పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, తాను విన్న ప్రసంగాన్ని ఇంచుమించు పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. ఇదంతా ఆమె చూచి సంతోషించింది. పిచ్చి పనులని కసరలేదు.

తండ్రి సంగతి వేరు. పొలంలో పని ఆగిపోతే పేదవానికి కోపం రాదా? పని మాని పుస్తకం పట్టుకున్నందుకు కొడుకును కొట్టిన సందర్భాలున్నాయని బంధువులలో ఒకరు తరువాత చెప్పారు. ఆ తండ్రిని తప్పుపట్టడం సులభమే. మన ఇళ్ళలోనూ పాఠాలు మాని కథల పుస్తకమేమిటని పిల్లవాని చేతిలో నుండి లాగివేసేవారు లేరా? ఆ ఇంట్లో భర్త కోపానికీ బిడ్డ ఆశకూ మధ్య నిలబడడానికి ఒక తల్లి ఉన్నది. తన భర్త కూడా క్రమంగా ఒప్పుకున్నాడనే ఆమె చెప్పింది.

ఒకసారి జార్జి వాషింగ్టన్ జీవితచరిత్రను క్రాఫర్డ్ అనే ఇరుగుపొరుగు రైతు వద్ద ఎరువు తెచ్చుకున్నాడు. అది వానకు తడిసి పాడైంది. చెల్లించడానికి డబ్బు లేదు కనుక ఆ రైతు పొలంలో కూలి చేసి బాకీ తీర్చుకున్నాడు. 1861లో అధ్యక్ష పదవి స్వీకరించడానికి వెళుతూ, న్యూజెర్సీ శాసనసభలో మాట్లాడినప్పుడు, చిన్ననాడు చదివిన వాషింగ్టన్ చరిత్రనే ఆయన గుర్తుచేసుకున్నాడు. చిన్నప్పుడు ఇష్టంగా చదివినది అంత కాలం నిలుస్తుంది.

1830లో వారి కుటుంబం ఇలినాయిస్‌కు చేరింది. లింకన్ తనంతట తానే న్యాయశాస్త్రం చదువుకుని 1836లో న్యాయవాది అయ్యాడు. పెద్దవాడైనా పైకి చదివే అలవాటు పోలేదు. కార్యాలయంలో వార్తాపత్రిక గట్టిగా చదువుతుంటే తోటి న్యాయవాది హెర్న్‌డన్‌కు విసుగు పుట్టేది. కంటితో చూచి చెవితో విన్నది బాగా గుర్తుంటుందని లింకన్ సమాధానం. 1863లో బానిసల విమోచన ప్రకటన చేసినవాడు, అదే ఏడు నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో రెండు మూడు నిమిషాల ప్రసంగంతో లోకం మరువలేని మాటలు పలికినవాడు, ఆ చెక్కల మీద వ్రాసుకున్న బాలుడే.

సారాను ఆయన ఎన్నడూ మరువలేదు. 1841లో తల్లిదండ్రుల వద్ద 40 ఎకరాలు కొని, వారు బ్రతికినంత కాలం ఆ నేలను అనుభవించేలా ఏర్పాటు చేశాడు. 1861 జనవరి చివర, రాజధానికి ప్రయాణమయ్యే ముందు, పనులన్నీ ప్రక్కనపెట్టి ఆమెను చూడడానికి వెళ్ళాడు. మళ్ళీ కొడుకును చూడనేమోనని ఆ వృద్ధురాలు భయపడింది. ఆ భయమే నిజమైంది. 1865 ఏప్రిల్ 14, గుడ్‌ఫ్రైడే రాత్రి ఆయనపై కాల్పులు జరిగాయి. మరునాడు ప్రాణం విడిచాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులో హెర్న్‌డన్ వెళ్ళి అడుగగా సారా తన జ్ఞాపకాలు చెప్పింది. అప్పుడామెకు 76 ఏళ్ళు. పైన చెప్పిన చెక్కల సంగతి మనకు తెలిసింది ఆమె నోటనే. 1869లో ఆమె కన్నుమూసింది.

ప్రియమైన తల్లిదండ్రులారా, మన బిడ్డలందరూ అధ్యక్షులు కానక్కరలేదు. కాని పుస్తకం చూచి భయపడే బిడ్డగా పెరగడమా, ఇష్టంతో తెరిచే బిడ్డగా పెరగడమా అన్నది చాలా వరకు మన ఇంటి వాతావరణం మీద ఆధారపడుతుంది. మీకు చదువు రాకపోతే రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు టీవీ, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, నీ కథ చదివి వినిపించు నాయనా అని బిడ్డనడిగి, చెవియొగ్గి వినండి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి. మార్కులు అడగకండి. నవ్వు వచ్చినచోట వానితో కలిసి నవ్వండి. చదువు వచ్చినవారైతే మీరే పైకి చదివి వినిపించండి. పుస్తకం కొనే స్తోమత లేకపోతే మీకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయానికి నెలకొకసారైనా వేలు పట్టుకుని తీసుకువెళ్ళండి. ఆదివారం పూజ నుండి వచ్చాక గురువు ప్రసంగంలో ఏమి చెప్పారో పిల్లల నోట చెప్పించుకోండి. వాడు ఏ మూలనో కథలో మునిగి ఉంటే, కొట్టు నుండి తేవలసిన ఉప్పు పొట్లం కాసేపు ఆగవచ్చు.