చేతికందిన గణితం

అంకె కంటికి కనిపించే గుర్తు. సంఖ్య బుద్ధికి అందవలసిన భావం. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని దాటలేక ఎందరో బాలలు గణితమంటేనే బెదిరిపోతారు. ఎక్కాలు తడబడకుండా అప్పగించిన పిల్లలు సైతం పదమూడులోని ఒకటి పదికి గుర్తు అని గ్రహించలేకపోవడం కద్దు. ఆ దూరానికి పసివాళ్ల చేతులతోనే వంతెన కట్టించిన విదుషీమణి డాక్టర్ మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని కియారవాల్లె పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె విద్యాభిమానం గల ఇల్లాలు. కుటుంబం రోము నగరానికి తరలివచ్చిన తరువాత మరియా, ఆడపిల్లలు అరుదుగా చేరే సాంకేతిక పాఠశాలలో చేరి గణితంపై మక్కువ పెంచుకుంది. ఇంజనీరు కావాలని తొలుత తలచినా, పిమ్మట ఆమె మనసు వైద్యం వైపు మళ్లింది. పురుష విద్యార్థుల సరసన శవచ్ఛేదన చేయడం స్త్రీకి తగదన్న కారణంతో, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ పాఠం అభ్యసించవలసి వచ్చింది. ఇన్ని అవరోధాలను అధిగమించి 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టం పొందింది.

వైద్యురాలిగా ఆమె మానసిక చికిత్సాలయాలలో మగ్గుతున్న మందబుద్ధులైన బాలలను చూచింది. వారికి కావలసినది మందులకన్న మిన్నగా తగిన విద్య అని ఆమెకు తోచింది. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాన్ రచనలను శ్రద్ధగా చదివి, తాకి, పట్టుకొని, పోల్చి చూడదగిన వస్తువులతో ఆ బాలలకు బోధించింది. వారిలో కొందరు చదవడం, రాయడం నేర్చి, సామాన్య బాలలతోపాటు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. లోకం ఆమెను ప్రశంసించింది. ఆమెను మాత్రం వేరొక ఆలోచన కలవరపెట్టింది. ఏ లోపమూ లేని పిల్లలు ఇంత తక్కువ స్థాయిలో ఎందుకు నిలిచిపోతున్నారు? లోపం పిల్లలలో ఉందా, బడిలో ఉందా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికే అవకాశం 1907లో లభించింది. రోములోని శాన్ లోరెంజో పేదల పేట. తల్లిదండ్రులు కూలికి వెళ్లగా చిన్నపిల్లలు దిక్కులేక తిరుగుతూ భవనాల గోడలు పాడుచేసేవారు. ఆ భవనాల యాజమాన్యం కోరగా, మరియా జనవరి 6న అక్కడ బాలల గృహాన్ని ప్రారంభించింది.

అక్కడ పిల్లలు లెక్కలు నేర్చిన తీరు గమనింపదగినది. మొదట పది కొయ్య కడ్డీలు. మొదటిది 10 సెంటీమీటర్లు, పదవది ఒక మీటరు. ఎరుపు, నీలం రంగులు ఒకదాని తరువాత ఒకటిగా వాటి భాగాలను చూపుతాయి. ఏడు భాగాల కడ్డీకి మూడు భాగాల కడ్డీని చేర్చితే పది భాగాల కడ్డీకి సమానమవుతుంది. ఈ విధంగా కూడిక కంటికి కనిపిస్తుంది; చేర్చిన కడ్డీని తొలగిస్తే తీసివేత తెలుస్తుంది. గరుకు కాగితంతో చేసిన అంకెలపై వేలు నడిపి వాటి ఆకారాన్ని నేర్చుకుంటారు. సున్నను బోధించడానికి ఆమె చక్కని ఆటను కల్పించింది. తన వద్దకు సున్న సార్లు రమ్మని బాలుని పిలిచేది. వాడు పరుగున వచ్చేవాడు. వచ్చినది ఒకసారి అని ఆమె గుర్తుచేయగా, సున్న సార్లు రావడమంటే కదలకుండా ఉండడమేనని పిల్లలు నవ్వుతూ గ్రహించేవారు.

క్రమంగా రూపొందిన బంగారు రంగు పూసలు స్థాన విలువను బోధించాయి. విడి పూస ఒకటి. పది పూసలు గుచ్చిన కడ్డీ పది. పది కడ్డీలు కూర్చిన చదరం వంద. పది చదరాలు పేర్చిన ఘనం వెయ్యి. 27కు 15 కలిపే బాలునికి పన్నెండు విడి పూసలు వస్తాయి. వాటిలో పదింటిని ఇచ్చి ఒక కడ్డీని తెచ్చుకుంటాడు. నాలుగు కడ్డీలు, రెండు పూసలు మిగులుతాయి. తెలుగు బడులలో పిల్లలు ఈ లెక్కకు రెండు వేసి, చేతిలో ఒకటి అనుకోవడం పరిపాటి. ఆ ఒకటి నిజానికి పది. పూసలతో నేర్చిన బాలునికి ఆ పది నిజంగానే చేతిలో ఉంటుంది.

తప్పును చూపే పని కూడా ఆమె వస్తువులకే అప్పగించింది. ఒకటి నుండి తొమ్మిది వరకు అంకెలున్న గళ్లలో, అంకెకు తగినన్ని కదురు ఆకారపు పుల్లలు ఉంచాలి. సున్న గడి ఖాళీగా ఉండాలి. ఉన్నవి సరిగా 45 పుల్లలు. చివరకు పుల్ల మిగిలినా, చాలకపోయినా ఎక్కడో పొరపాటు జరిగినట్లే. ఉపాధ్యాయురాలు మందలించనవసరం లేదు. పిల్లవాడే మళ్లీ లెక్కించుకుంటాడు. గణితమంటే దండన భయం తొలగిపోవడానికి ఇదే మూలం.

ఆమె జీవితం మాత్రం సుఖంగా సాగలేదు. 1898లో జన్మించిన కుమారుడు మారియోను నాటి సంఘ కట్టుబాట్ల వలన చాలాకాలం పరుల ఇంట పెంచవలసి వచ్చింది. అనంతరం అతడే ఆమెకు కుడిభుజమయ్యాడు. ముస్సోలినీ ప్రభుత్వంతో విభేదించి 1934లో ఆమె ఇటలీని వీడింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చి, మూడువందలకు పైగా అభ్యర్థులకు శిక్షణనిచ్చింది. 1940లో ఇటలీ యుద్ధంలో ప్రవేశించగా, ఆంగ్ల ప్రభుత్వం మారియోను అహమ్మద్‌నగర్‌లో నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ జన్మదినాన అతనిని విడుదల చేసింది. యుద్ధకాలమంతా ఆమె భారతదేశంలోనే ఉండి బోధన కొనసాగించింది.

1952 మే 6న హాలెండులో ఆమె కన్నుమూసింది. నేడు ఎన్నో పాఠశాలల నామఫలకాలపై ఆమె పేరు కనిపిస్తుంది. ఆ పేరుకు సార్థకత కలిగించేది ఫలకం కాదు. లోపల పసివాడు తన పొరపాటును తానే కనుగొని, బెదరక, పూసలను మళ్లీ లెక్కపెట్టుకోగలగడమే.