మంచి పేరు వేరు.. ఓటు వేరు!

నాయకుడి గుణం చూసి జనం ఓటేస్తారా? లేక ఆయన పాలనలో తమ ఇంటికి ఏం జరిగిందో చూసి వేస్తారా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా బేరిగై, బాగలూరు టీ కొట్ల దగ్గర తెగని చర్చ ఇది. జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హోసూరు పక్కనున్న తొరపల్లిలో పుట్టి, దేశానికి గవర్నర్ జనరల్ దాకా ఎదిగిన చక్రవర్తి రాజగోపాలాచారి జీవితాన్ని ఒకసారి తిరగేస్తే చాలు. ఆయన నిజాయతీని శత్రువులు కూడా శంకించలేదు. తెలివితేటల్లో ఆయనకు సాటి వచ్చేవాళ్లు కాంగ్రెస్‌లోనే కొద్దిమంది. అయినా సామాన్య ఓటర్ల నియోజకవర్గంలో నిలబడి, గెలిచి చట్టసభకు వచ్చిన సందర్భం ఆయనకు లేదు. మద్రాసు రాష్ట్రాన్ని రెండుసార్లు ఏలారు. రెండుసార్లూ వేరే దారిలోనే వచ్చారు.

మునసబు గారి అబ్బాయి

రాజాజీ 1878 డిసెంబర్ 10న తొరపల్లిలో పుట్టారు. తండ్రి వెంకటార్య అయ్యంగారు ఆ ఊరి మునసబు. తల్లి సింగారమ్మ. అప్పట్లో హోసూరు ప్రాంతమంతా సేలం జిల్లా కిందే ఉండేది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి వినిపించే నేల ఇది. ఊళ్లో అక్షరాలు దిద్ది, హోసూరులో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా పూర్తి చేశారు. 1900లో సేలంలో ప్లీడరుగా బోర్డు పెట్టారు. ప్రాక్టీసు బాగా సాగింది. చిన్న వయసులోనే భార్య అలమేలు మంగమ్మ కన్నుమూశారు. ఐదుగురు పిల్లలను సాకే భారం ఆయన మీదే పడింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1917లో సేలం మునిసిపాలిటీ చైర్మన్ అయ్యారు. గాంధీజీ పిలుపుతో 1920లో సహాయ నిరాకరణలో దిగి, బాగా డబ్బు తెస్తున్న ప్లీడరు పనిని వదిలేశారు. జైలుకెళ్లారు. 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో ఆశ్రమం పెట్టి, ఖద్దరు, మద్యనిషేధం, అంటరానితనం నిర్మూలన పనుల్లో మునిగిపోయారు. కోర్టులను బహిష్కరించిన ఆ రోజుల్లోనే ఒక్కసారి పట్టు సడలించారు. తిరుచానూరు గుడిలోకి వెళ్లాడన్న నేరానికి శిక్ష పడిన ఓ దళిత భక్తుడి కోసం చిత్తూరు కోర్టులో నిలబడి వాదించారు. ఆ భక్తుడు విడుదలయ్యాడు. 1930లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యం దాకా ఉప్పు సత్యాగ్రహ యాత్ర నడిపించారు. 1933లో ఆయన కూతురు లక్ష్మికి, గాంధీజీ కొడుకు దేవదాస్‌కు పెళ్లయింది.

సారా కొట్లకు తాళం

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్ 215 స్థానాలకు 159 గెలిచింది. రాజాజీ గెలిచింది మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయ స్థానం నుంచి. అక్కడ ఓటర్లంతా చదువుకున్నవాళ్లే. ఆ ఏడాది జూలైలో ఆయన ప్రధాని అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనే పిలిచేవారు.

రాగానే చేసిన పెద్ద పని మద్యనిషేధం. 1937 అక్టోబర్ 1న సొంత జిల్లా సేలంలోనే మొదలుపెట్టారు. హోసూరు, కృష్ణగిరి ఊళ్లలోనూ కల్లు, సారా కొట్లు మూతపడ్డాయి. మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. రోజు కూలీ తాగుడుకు పోకుండా ఇల్లు చేరడం ఆడవాళ్లు కళ్లారా చూశారు. రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం 1938లో తెచ్చారు. మద్యం మీద పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను వేశారు. దేశంలో ఇలాంటి పన్ను అదే మొదటిది. వ్యాపారులు మండిపడ్డారు. రాజాజీ వెనక్కి తగ్గలేదు.

మద్యనిషేధంలో ఆయన పట్టుదలను జనం మెచ్చుకున్నారు. అదే పట్టుదల ఇంకోచోట ఎదురుతిరిగింది. 1938లో 125 బడుల్లో హిందీని తప్పనిసరి చేశారు. తమిళ జిల్లాలు భగ్గుమన్నాయి. పెరియార్ రామస్వామి సహా వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు యువకులు నిర్బంధంలో ప్రాణాలు వదిలారు. గుణం ఒకటే. ఒకచోట దాన్ని నిబద్ధత అన్నారు, ఇంకోచోట మొండితనం అన్నారు.

గుండె చూపిన ప్రకాశం.. బుర్ర నమ్మిన రాజాజీ

1942లో దేశమంతా క్విట్ ఇండియా అంటుంటే రాజాజీ ఎదురు నిలిచారు. ముస్లింలీగ్‌తో రాజీ కుదరాలంటే విభజన సూత్రాన్ని ఒప్పుకోక తప్పదని వాదించారు. సభల్లో గేలి చేశారు. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చేశారు. తాను నమ్మింది చెప్పడానికి జనం ఏమనుకుంటారోనని వెనుకాడని మనిషి ఆయన. నాలుగేళ్ల తర్వాత ఆ ఖరీదు కట్టాల్సి వచ్చింది.

1946లో మద్రాసు ప్రధాని ఎవరన్న ప్రశ్న వచ్చింది. గాంధీజీ, కాంగ్రెస్ పెద్దలు రాజాజీ వైపు మొగ్గారు. ఎమ్మెల్యేలు ఒప్పుకోలేదు. అందరూ జైళ్లలో ఉన్నప్పుడు ఈయన బయట ఉన్నారన్న కోపం వాళ్లలో ఆరలేదు. చివరికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రధాని అయ్యారు. సైమన్ కమిషన్ వచ్చిన 1928లో మద్రాసు వీధిలో తుపాకులకు గుండె చూపిన మనిషి ఆయన. సంపాదించిందంతా ఉద్యమంలో ఖర్చు పెట్టారు. లెక్కలు, జాగ్రత్తలు ఆయన స్వభావంలో లేవు. జనం ఆయన్ను ప్రేమించారు, రాజాజీని గౌరవించారు. అయితే ప్రేమ కూడా కుర్చీని కాపాడలేదు. ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్లే పంతులుగారిని దించేశారు. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ఆయన మంత్రివర్గం మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది.

బ్రిటన్‌లోనూ సరిగ్గా ఆ రోజుల్లోనే ఇలాంటి ముచ్చటే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను 1945 మే నెలలో నూటికి 83 మంది మెచ్చుకుంటున్నట్టు గాలప్ సర్వే తేల్చింది. జూలైలో ఫలితాలొచ్చేసరికి ఆయన పార్టీ చిత్తుగా ఓడింది. పెద్దగా ఆకర్షణ లేని అట్లీ నాయకత్వంలో లేబర్ పార్టీ 393 సీట్లు గెలిచింది. ఇళ్లు, ఉద్యోగాలు, వైద్యం ఎవరిస్తారన్నదే అక్కడి ఓటరు చూశాడు. యుద్ధానికి చర్చిల్ కావాలి, యుద్ధం తర్వాతి బతుకుకు వేరేవాళ్లు కావాలి అనుకున్నాడు.

దొడ్డిదారి ముఖ్యమంత్రి

స్వాతంత్ర్యం వచ్చాక రాజాజీ పశ్చిమ బెంగాల్ గవర్నర్ అయ్యారు. 1948 జూన్ నుంచి 1950 జనవరి 26 దాకా గవర్నర్ జనరల్‌గా పనిచేశారు. ఆ పదవిలో కూర్చున్న ఒకే ఒక్క భారతీయుడు, చివరివాడు ఆయనే. పటేల్ మరణం తర్వాత కేంద్రంలో హోం శాఖ చూశారు. పదవులన్నీ వదిలి మద్రాసు చేరుకున్న మనిషిని మళ్లీ రాజకీయం లాక్కొచ్చింది.

1952 ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెస్‌కు 375కి 152 స్థానాలే దక్కాయి. ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలు ఒక్కటై 166 మంది బలం చూపించాయి. అయినా గవర్నర్ శ్రీప్రకాశ రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. ఇది దొడ్డిదారి అని ప్రతిపక్షాలు దుమ్మెత్తిపోశాయి. కోర్టుకూ వెళ్లాయి. ఉప ఎన్నికలో నిలబడి గెలవడానికి మాత్రం రాజాజీ సిద్ధపడలేదు. జూలైలో సభలో 200 మంది మద్దతుతో బలం నిరూపించుకున్నారు.

మొదటి కొన్ని నెలలు పేరు బాగానే వచ్చింది. బియ్యం మీద ఉన్న కంట్రోలు ఎత్తేశారు. రేషన్ క్యూల బాధ తప్పిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 1952 డిసెంబర్ 15న ఆయన అమరుడయ్యారు. మద్రాసు నగరాన్ని తెలుగువాళ్లకు వదిలేది లేదన్న రాజాజీ వైఖరి తెలుగు జిల్లాల్లో ఆరని మంట రేపింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు అటే ఉండిపోయింది. హోసూరు తెలుగువాళ్లూ అటే ఉండిపోయారు.

ఆ ఏడాదే ప్రాథమిక విద్యలో మార్పు తెచ్చారు. పల్లె పిల్లలు రోజులో సగం పూట బడికి, మిగతా సగం ఇంటి వృత్తి నేర్చుకోడానికి. ఉన్న బళ్లలోనే రెట్టింపు మంది చదువుకుంటారని ఆయన లెక్క. కుండలు చేసేవాడి కొడుకు కుండల దగ్గరే ఉండిపోవాలా అని జనం అడిగారు. కులవిద్యా పథకమని పేరు పడిపోయింది. పెరియార్, ద్రావిడ పార్టీలే కాదు, సొంత కాంగ్రెస్‌వాళ్లూ ఎదురు తిరిగారు. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయారు. కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని రద్దు చేశారు. అదే 1954లో రాజాజీకి భారతరత్న దక్కింది. ఆ పురస్కారం అందుకున్న మొట్టమొదటి ముగ్గురిలో ఆయనొకరు. దేశం నెత్తిన పెట్టుకున్న ఏడాదే సొంత రాష్ట్రం కుర్చీ దించింది.

అదే నిజాయతీ.. అయినా ఓటమి

ఎనభై ఏళ్ల వయసులో చాలామంది మనవళ్లతో ఆడుకుంటారు. రాజాజీ కొత్త పార్టీ పెట్టారు. పర్మిట్లు, లైసెన్సుల పాలన వద్దంటూ 1959లో స్వతంత్ర పార్టీ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షుడు తెలుగువాడైన ఆచార్య ఎన్.జి. రంగా. 1967లో లోక్‌సభలో 44 స్థానాలతో ఆ పార్టీ ప్రధాన ప్రతిపక్షమైంది.

అదే ఎన్నికల్లో మద్రాసులో రాజాజీ డీఎంకేతో చేయి కలిపారు. 1938లో హిందీ పెట్టిన మనిషే ఇప్పుడు హిందీకి ఎదురు నిలిచారు. ఒకప్పుడు ఆయన్ను తిట్టిన ద్రావిడ కార్యకర్తలే ఆయన సభలకు జనాన్ని తోలుకొచ్చారు. బియ్యం కరువు, హిందీ గొడవ జనాన్ని రగిలిస్తున్న కాలమది. రూపాయికి మూడు పడుల బియ్యమని డీఎంకే మాటిచ్చింది. కాంగ్రెస్ ఇరవై ఏళ్ల పాలన కూలింది, అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ గాలిలో ఓడిపోయింది ఎవరో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. విరుదునగర్‌లో కామరాజ్ ఓ విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడారు. సొంతానికి ఏమీ కూడబెట్టుకోని మనిషి ఆయన. ఊరూరా బడులు తెరిచారు, పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. కృష్ణగిరి డ్యాం కూడా ఆయన హయాంలోనే పూర్తయింది. గుణం చూసి ఓటేసేవాళ్లయితే ఆయన ఓడేవారు కాదు. ఆయన చెడ్డవాడని జనం ఓడించలేదు. ఆయన పార్టీ పాలనలో గిన్నెలోకి బియ్యం రాలేదని ఓడించారు.

1971లో ఇంకా విచిత్రం. రాజాజీ, కామరాజ్ ఇద్దరూ పాత పగలు మరచి ఒకే కూటమిలో నిలబడ్డారు. తమిళనాడులో వీళ్లిద్దరినీ మించిన నిజాయతీపరులను చూపించడం కష్టం. అయినా డీఎంకే 234కి 184 స్థానాలు ఎగరేసుకుపోయింది.

చివరి అభ్యర్థన

ఆ ఏడాదే కరుణానిధి ప్రభుత్వం మద్యనిషేధాన్ని సడలించడానికి సిద్ధమైంది. తొంభై రెండేళ్ల రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి, వద్దని ప్రాధేయపడ్డారు. ముఖ్యమంత్రి గౌరవంగానే ఆహ్వానించారు. నిర్ణయం మాత్రం మారలేదు. ఆగస్టు చివర్లో కొట్లు తెరుచుకున్నాయి. సేలం జిల్లాలో ముప్పై నాలుగేళ్ల కిందట ఆయన మొదలుపెట్టిన పని ఆయన కళ్ల ముందే ఆగిపోయింది. 1974లో నిషేధం మళ్లీ వచ్చింది, అది చూడటానికి ఆయన లేరు. 1972 డిసెంబర్ 25న మద్రాసులో కన్నుమూశారు. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం.

రాజాజీ కథ చూసి గుణానికి విలువ లేదనుకుంటే పొరపాటు. ఎమ్మెల్యేలు కాదన్నా, రాష్ట్రం చిక్కుల్లో పడ్డప్పుడు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చారు. బద్ధ విరోధులు సైతం పొత్తుకు ఆయన గడప తొక్కారు. ఇదంతా మంచి పేరు పుణ్యమే. కాకపోతే ఓటరు లెక్క వేరు. నాయకుడు డబ్బు తినడన్న నమ్మకం మొదటి మెట్టు మాత్రమే. తన పిల్లల చదువు, తన ఇంటి బియ్యం, తన భాష ఆయన చేతిలో భద్రమేనా అన్నది రెండో మెట్టు. మద్యనిషేధంలో రాజాజీ ఆ రెండో మెట్టూ ఎక్కారు. హిందీలో, బడి చదువులో జారారు. తాను సరైనదనుకున్నది జనానికి నచ్చజెప్పే ఓపిక ఆయనకు తక్కువ. ఆ ఓపిక కూడా నాయకుడికి ఉండాల్సిన గుణమేనని ఓటర్లు ఆయనకు ఒకటికి రెండుసార్లు గుర్తు చేశారు.