రాయలవారి రుచి

ఆత్మకూరునకు వాయవ్యమున ఉన్న ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించెను. గజపతులకు చెందిన ఆ కోట 1514లో గాని లొంగలేదు. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి 1515లో ప్రతిష్ఠించెను. 1509లో పట్టమెక్కి 1529లో అస్తమించిన ఈ ప్రభువు దండయాత్రలు విద్యార్థు లెరిగినవే. ఆయన రుచులెరిగిన రసికుడనుట అంతగా ఎరుగరు.

ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు విష్ణుచిత్తుని ఇంటి పంక్తిని చూడుడు. వేసవిలో అతిథులకు నులివెచ్చని అన్నము, తియ్యని చారు, చెరకు రసము, ఎడనీరు, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపుపొడి పట్టించిన వేడి కూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్లు, కాగిన నేయి. ఏ ఋతువున నాలుక ఏది కోరునో ఇంత కచ్చితముగా చెప్పిన రాజు మరియొకడు కలడా? వానకాలపు పద్యము నాకు మరింత ప్రియము. పప్పు, వడియములు, వరుగులు, పెరుగు వడ్డించుటకు ముందే కవి పొయ్యి చెంతకు పోయినాడు. జడివానలో ఇల్లాలి కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పలతో వంట చేయించినాడు. కోటలు పట్టిన చేయి ఆ పొగను మరువలేదు.

ఆ ఇంట నడిరేయి చెవియొగ్గిన వినవచ్చు మాటయు ఆయన వ్రాసినదే: కూరలు కొద్ది, వేడి చాలదు, పిండివంటలు లేవు, దయతో భుజింపుడని గృహస్థుని వేడికోలు.