నది లేని ఊరికి నీరిచ్చిన కెంపేగౌడ

మెజెస్టిక్ అంటే తెలియని తెలుగువాళ్లు బెంగళూరులో ఉండరు. సొంతూరి నుంచి సంచి భుజాన వేసుకుని వచ్చినవాళ్లలో చాలామంది మొదట కాలు పెట్టింది అక్కడే. బోర్డు మీద కెంపేగౌడ బస్‌స్టేషన్ అని ఉంటుంది. కాళ్ల కింద ఉన్నది మాత్రం ధర్మాంబుధి చెరువు. ఆ చెరువు కట్టించింది కూడా కెంపేగౌడే అని చెబుతారు. పేరు బోర్డెక్కింది, చెరువు మట్టిలో కలిసింది. ఆయన బతుకు కథ తెలిస్తే ఈ రెంటిలో ఏది పోవడం ఊరికి నష్టమో అర్థమవుతుంది.

యలహంక నాడప్రభువు

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న యలహంకను విజయనగర రాజుల కింద ఏలిన కుటుంబం ఆయనది. మొరసు ఒక్కలిగ వంశం. పూర్వీకులు కంచి ప్రాంతం నుంచి వలస వచ్చి, దేవనహళ్లి దగ్గరి ఆవతిలో స్థిరపడ్డారని వంశ కథనం. తండ్రి కెంపనంజేగౌడ. 1510లో పుట్టిన కెంపేగౌడ హెసరఘట్ట దగ్గరి గురుకులంలో చదువుకున్నాడు. ఏటా జూన్ 27న కర్ణాటక ప్రభుత్వం ఆయన జయంతి జరుపుతోంది.

విజయనగరంలో కన్నడం, తెలుగు రెండూ ఆస్థాన భాషలే. కెంపేగౌడకూ రెండూ వచ్చు. తెలుగులో గంగా గౌరీ సల్లాపం అనే యక్షగానం ఆయన పేరు మీదే ఉంది. గంగా గౌరుల మాటలను రాసిన ఆ మనిషి గంగను నేల మీదకు తేవడానికీ తంటాలు పడ్డాడు. ఎందుకంటే ఆయన ఊరు కట్టాలనుకున్న చోట నది లేదు.

నాలుగు నాగళ్లు, నాలుగు దిక్కులు

వేటకు వెళ్లినప్పుడు మంత్రి వీరణ్ణతో కొత్త ఊరి గురించి మాట్లాడాడని కథ. కోట, పేటలు, గుళ్లు, వాటితోపాటు చెరువులు ఉండాలని అప్పుడే అనుకున్నాడట. అచ్యుతదేవరాయలు అనుమతి ఇచ్చాడు. ఖర్చులకు హలసూరు, బేగూరు, వర్తూరు, కెంగేరి వంటి గ్రామాల ఆదాయం కూడా రాసిచ్చాడు.

1537లో పని మొదలైంది. ఇవాళ చిక్కపేట, దొడ్డపేట కలిసే కూడలిలో నాలుగు జతల ఎద్దులకు నాగళ్లు కట్టి నాలుగు దిక్కులకు తోలారని, అవి గీసిన చాళ్లే వీధులయ్యాయని జనం చెప్పుకుంటారు. మట్టికోట లేచింది. బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, కుండలకు కుంబారపేట, రాగులకు రాగిపేట. ఒక్కో సరుకుకు ఒక్కో పేట. పేటల్లోకి జనం రావాలంటే తాగడానికి నీళ్లుండాలి. పొలం పండాలంటే ఇంకా ఎక్కువ నీళ్లుండాలి.

గట్టు మీది ఊరు

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున, గట్టు మీద ఉంది. పడిన వాన నిలవదు. పడమటి వాలు నీళ్లు వృషభావతిలో పడి అర్కావతి మీదుగా కావేరికి పోతాయి. తూర్పు వాలు నీళ్లు బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకినిలో కలుస్తాయి. వాన కురిసిన రోజు వరద, నాలుగు నెలలకు కరవు.

దీనికి ఆ కాలపు దక్కను రైతుకు తెలిసిన ఉపాయం ఒక్కటే. నీళ్లు పారే పల్లానికి అడ్డంగా మట్టికట్ట వేయాలి. కెంపేగౌడ ఈ ఉపాయాన్నే నగరానికి వాడాడు. కులదేవత కెంపమ్మ పేరున గవిపురం పక్కన కెంపాంబుధి కట్టించాడు. కోటకు పడమట ధర్మాంబుధి, తూర్పున సంపంగి చెరువు ఉండేవి. హలసూరు చెరువునూ ఈ వంశం ఖాతాలోనే వేస్తారు.

చెరువంటే గుంత కాదు

చెరువు కట్టడమంటే గుంత తవ్వి నీళ్లు నింపడం కాదు. కట్టకు నీటివైపు రాళ్లు పేర్చకపోతే అలలకు మట్టి కోసుకుపోతుంది. తూము పెట్టకపోతే కింది పొలానికి నీళ్లు దిగవు. అన్నిటికన్నా ముఖ్యం మరవ. కన్నడంలో కోడి అంటారు, కొన్నిచోట్ల అలుగు అంటారు. అది కట్ట కన్నా తక్కువ ఎత్తులో ఉండాలి. చెరువు నిండగానే మిగులు నీళ్లు మరవ మీదుగా దిగి, రాజకాలువ గుండా కింది చెరువుకు చేరతాయి. అది నిండితే ఆ కిందిదానికి. ఇలా ఒకదాని కింద ఒకటి గొలుసు. మధ్యలో ఒక్క కాలువ పూడినా పైచెరువు తెగుతుంది, కిందిచెరువు ఎండుతుంది.

నీళ్లు వచ్చే వైపు చెరువు లోతు తక్కువ. అక్కడ తుంగ, జమ్ము మొలుస్తాయి. వాననీటితో వచ్చే ఒండ్రు చాలావరకు ఆ గడ్డిలోనే ఆగుతుంది. లోపల తామర, చేప, కొంగ. కట్ట కింది బావుల్లోకి ఊట. ఎండాకాలం అడుగు బయటపడితే రైతులు పూడిక తీసి బండ్లతో పొలానికి తోలుకునేవారు. చెరువుకు లోతు, చేనుకు ఎరువు. తూము తీసి మూసే పని నీరుగంటిది. దక్కనులో చెరువు మట్టిపనికి పేరుపడ్డవాళ్లు ఒడ్డెలు. కర్ణాటకలో ఆ వృత్తివాళ్ల ఇళ్లలో నేటికీ తెలుగు వినబడుతుంది.

అయిదేళ్ల చెర

ఊరు పెరిగింది, వ్యాపారం సాగింది. కెంపేగౌడ భైరవుడి పేరున సొంత నాణెం వేశాడు. సామంతుడు నాణెం వేయడం ప్రభువుకు ధిక్కారమే. ఫిర్యాదు విజయనగరానికి చేరింది. ఆయన్ను ఆనెగొందిలో అయిదేళ్లు బందీగా ఉంచారు. విడుదలై వచ్చి తన నాడును మళ్లీ ఏలాడు. మొరసు ఒక్కలిగల్లో ఆడవాళ్ల వేళ్లు కత్తిరించే పాత ఆచారాన్ని ఆపించిన పేరు కూడా ఆయనకుంది.

1569లో కుణిగల్ వైపు ఒక తగవు తీర్చి తిరిగి వస్తూ, మాగడి దగ్గరి కెంపాపురంలో కన్నుమూశాడు. అక్కడి సమాధి ఆయనదేనని 2015లో గుర్తించారు. అప్పటిదాకా అది ఊరి చివర ఒక రాతి కట్టడంగానే ఉండిపోయింది. 1638లో బిజాపూర్ సేనలు బెంగళూరును పట్టుకున్నాక ఆయన వంశం మాగడికి తరలిపోయింది. రాజులు మారినా చెరువులు మాత్రం పని చేస్తూనే వచ్చాయి.

నల్లా వచ్చాక

చెరువుల దశ తిరగబడింది 1890లలో. హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చాయి. ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లు వస్తుంటే చెరువు పూడిక ఎవరు తీస్తారు? నీరుగంటికి పని పోయింది. ధర్మాంబుధి ఎండి బస్టాండు అయింది. సంపంగి చెరువు నేలలో కంఠీరవ స్టేడియం లేచింది. పక్కన చిన్న కొలను మిగిల్చారు. కరగ ఉత్సవానికి అక్కడ నీళ్లు కావాలి కాబట్టి అదైనా నిలిచింది. కెంపాంబుధి ఇంకా ఉంది కానీ మురుగుతో సతమతమవుతోంది.

నీటికి మాత్రం పాత దారి గుర్తుంది. 2022 సెప్టెంబరులో కుండపోత వానకు బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు విల్లాల్లోకి నీళ్లొచ్చి, జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో దాటించారు. ఏడాదిన్నర తిరగకుండానే, 2024 మార్చిలో, అదే నగరంలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం బిందెలు బారులు తీరాయి. వరద, కరవు. అయిదు వందల ఏళ్ల కింద కెంపేగౌడ ఎదురుగా ఉన్న సమస్యే అది.

ఈ గొలుసు కర్ణాటకతో ఆగదు. బెంగళూరు తూర్పు చెరువుల మిగులు దక్షిణ పినాకినిలో హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి దిగుతుంది. అక్కడి తెలుగు రైతుల పొలాలకు ఒకప్పుడు అందింది మరవ దిగిన వాననీరు. ఇప్పుడు నురగ కక్కుతూ వచ్చేది నగరం మురుగు. పైచెరువు చెడితే కిందివాళ్లు అనుభవిస్తారన్న పాత లెక్క సరిహద్దు దాటినా మారలేదు.

2013లో విమానాశ్రయానికి కెంపేగౌడ పేరు పెట్టారు. 2022 నవంబరులో అక్కడ 108 అడుగుల కంచు విగ్రహం నిలబెట్టారు. ఆకాశంలోంచి దిగేవాళ్లకు ఆయన చేతిలోని కత్తి కనిపిస్తుంది. ఊరిని బతికించింది ఆ కత్తి కాదు, మట్టికట్టా, రాతి మరవా. అవి మిగిలిన చోట పూడిక తీసి, కాలువకు దారి వదిలితే చాలు, వచ్చే వానకు చెరువు మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది.