విప్పి నేర్చిన విద్య : జి.డి. నాయుడు

మోటారు యంత్రం వెలుపలికి నెట్టివేసే వేడి పొగలో కూడ శక్తి మిగిలియుండును. ఆ శక్తితో చిన్న చక్రాన్ని త్రిప్పి, సిలిండరులోనికి మరింత గాలిని ఒత్తి పంపినచో యంత్రబలం పెరుగునని గ్రహించి స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూహి 1905లో పేటెంటు పొందినాడు. టర్బోచార్జరు అనే ఆ సాధనాన్ని నేడు ఉత్సాహవంతులైన యువకులు ఇంటి షెడ్డులోనే తమ కార్లకు బిగించుకొనుచున్నారు. ఆ పనికంతకును మొదటి మెట్టు, నడుస్తున్న యంత్రాన్ని నిర్భయంగా విప్పి మరల బిగించగల నేర్పు. మోటారు బండియే వింతగానున్న కాలంలో, బోధించే గురువు లేకుండ ఆ నేర్పును సంపాదించుకొన్న తెలుగువారు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి వారు జి.డి. నాయుడుగా సుపరిచితులు.

నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించినారు. వారిది తరతరాల క్రిందట తమిళదేశానికి తరలిపోయి వ్యవసాయంతో స్థిరపడిన తెలుగు కుటుంబం. పసితనంలోనే తల్లిని కోల్పోయినారు. బడి వారికి పొసగలేదు. ప్రాథమిక తరగతులలోనే చదువుకు స్వస్తి చెప్పి పొలం పనికి మరలినారు. బడి కొలబద్దతో చూచినవారికి ఆ బాలుడు ఎందుకూ కొరగానివాడుగనే తోచియుండును.

యౌవనారంభంలో కంటబడిన ఒక దృశ్యం ఆ జీవితాన్ని మలుపు త్రిప్పినది. ఒక తెల్లదొర, రెవెన్యూ అధికారి, రడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చినాడు. ఎద్దుగాని గుర్రంగాని లేకుండ పరుగెత్తే ఆ బండి కుర్రవాని మనస్సులో నాటుకొన్నది. బండి కావలెనన్న కోరిక ఒకటి; దాని కడుపులో ఏమున్నదో తెలియవలెనన్న కోరిక మరియొకటి. రెండవదే బలమైనది. కోయంబత్తూరు చేరి, హోటలులో పనికి కుదిరి, జీతం కూడబెట్టి, తుదకు మోటారు సైకిలును కొన్నారు. కొన్నపిదప దానిపై ఊరేగుటకంటె ముందుగా దానిని విప్పినారు. కార్బురేటరు, మాగ్నెటో, పిస్టను, ఒక్కొక్క భాగాన్ని చేతపట్టి, దేని వెనుక ఏది కదలునో పరిశీలించి, మరల యథాస్థానంలో అమర్చినారు. పెట్రోలు గాలితో కలిసి సిలిండరులో మండుట, ఆ ఒత్తిడికి పిస్టను కదలుట, ఆ కదలిక చక్రానికి చేరుట, ఈ పాఠమంతయు వారికి బండియే చెప్పినది.

ప్రథమ ప్రపంచయుద్ధ కాలంలో ప్రత్తి వ్యాపారంలో గడించినారు. బొంబాయి విపణిలో తీవ్రంగా నష్టపోయినారు. ధనం పోయినను నేర్పు పోలేదు. 1920లో కోయంబత్తూరు వర్తక ప్రముఖుడు సర్ రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో ఒక బస్సు సంపాదించి, పొల్లాచి, పళని పట్టణాల నడుమ తామే నడిపినారు. ఆ ఒక్క బస్సు క్రమంగా వందల బస్సుల యు.ఎం.ఎస్. సంస్థగా పెరిగినది. ఇతరులకు ఆ బస్సులు వ్యాపారం. నాయుడుగారికి ప్రయోగశాల కూడ. యంత్రపు అదురును కొలిచే సాధనం మొదలుకొని ఎన్నో పరికరాలను వారు రూపొందించినారు. దొంగ ఓట్లకు తావివ్వని ఓటు యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే పరికరం, రసాంత్ అనే విద్యుత్ క్షౌరయంత్రం ఆ పరంపరలోనివే. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారును తయారుచేసినారు. భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా అది ప్రసిద్ధి కెక్కినది. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలమని నిరూపించినారు.

బడిని వీడిన ఆ వ్యక్తియే 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు కళాశాల వెలయుటకు ప్రధాన దాత అయినారు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట వెలసిన ఆ సంస్థయే అనంతర కాలంలో ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయినది. దానికి నాయుడుగారు ప్రిన్సిపాలుగా కూడ పనిచేసినారు. ఇంజనీరింగు విద్యకు నాలుగేండ్లు అనవసరమనీ, చేతిపనితో కూడిన రెండేండ్లు చాలుననీ వారి నిశ్చయం. ప్రభుత్వం సమ్మతింపలేదు, వారు పదవిని త్యజించినారు. గణితశాస్త్రపు లోతులకు రెండేండ్లు చాలునా అన్న సందేహం నేటికిని న్యాయమైనదే. చేయి నల్లబడని ఇంజనీరును గూర్చి వారు పడిన ఆవేదన కూడ అంతే న్యాయమైనది.

1952లో వారి జీవితంలోని పెద్ద స్వప్నం రూపు ధరించినది. ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారు ఒకటి వారి కృషి ఫలంగా వెలువడినది. వెల 2,000 రూపాయలు. కారు ధనవంతుల వాకిట మాత్రమే కనిపించే ఆ దినాలలో అది అద్భుతమైన ధర. కాని 1951 నాటి పరిశ్రమల చట్టం అప్పుడే అమలులోనికి వచ్చినది. లైసెన్సు లేనిదే ఉత్పత్తి లేదు. ప్రభుత్వం లైసెన్సును నిరాకరించినది. కారు నిర్మాణం అంతటితో ఆగిపోయినది. ఉక్కు, విదేశీ ద్రవ్యం కొరతగానున్న నూతన స్వతంత్ర దేశంలో ప్రభుత్వం ఆచితూచి నడచుటకు కారణాలు లేకపోలేదు. అయినను సామాన్య గృహస్థును ఉద్దేశించిన చిన్నకారుగా మారుతి 800 ఈ దేశపు రోడ్డెక్కినది 1983లో. నడుమ గడచినవి 31 ఏండ్లు. నాయుడుగారి కారు ఎన్ని వేలమందికి అందియుండెడిదో చెప్పుట సాధ్యం కాదు. చేయగల చేయి ఉన్నదని తెలిసియు దానికి అవకాశం దొరకలేదన్నది మాత్రం స్పష్టం.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు కన్నుమూసినారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో వారి పేరిట ఉన్న ప్రదర్శనశాలలో వారు నిర్మించిన, సేకరించిన యంత్రాలను నేటి విద్యార్థులు చూడవచ్చును.

పాడైన గడియారాన్ని విప్పి పెట్టి, మరల బిగించలేక దిగులుగా కూర్చున్న పిల్లవాడు ప్రతి ఊరిలోను, ప్రతి తరగతిలోను ఉండును. వానికి పెద్దల నుండి ముందుగా లభించేది సాధారణంగా చీవాట్లు. కలంగల్ గ్రామపు బాలునకు కోయంబత్తూరులో ఒక మోటారు సైకిలు గురువైనది. అందరికిని అట్టి భాగ్యం లభింపదు. విప్పిన మరలను వరుసగా పేర్చుకొనుటకు ఆ పిల్లవానికి ఒక పళ్లెం ఇచ్చి, ప్రక్కన కొంతసేపు కూర్చుండుటకు ఉపాధ్యాయునికి ఏ లైసెన్సును అవసరం లేదు.