దోర్నకల్‌కు వచ్చిన తమిళ సేవకుడు

ధ్యాన వాక్యములు: అపొ. కార్యములు 8:1-4, 1 కొరింథీయులకు 9:16



పై వాక్యభాగములను ఇంటిల్లిపాది కూర్చుండి ఒకసారి చదివి, అటుపిమ్మట ఈ జీవితచరిత్రను చదువుడి. అపొస్తలుల కార్యములలోని ఆ మాటలో మనము తరచుగా దాటిపోవు సంగతి ఒకటి కలదు. హింస కలిగినప్పుడు అపొస్తలులు యెరూషలేములోనే నిలిచియుండిరి. చెదరిపోయి, వెళ్లినచోటనెల్ల సువార్త చెప్పినవారు సామాన్య విశ్వాసులు. వారికి జీతము లేదు, పదవి లేదు. ఈ సంగతిని బాగుగా గ్రహించి, మన తెలుగు పల్లెలలో ఆచరణలో పెట్టినవారు బిషప్పు వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు.

వారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్లాలన్‌విళై అను పల్లెలో పుట్టిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు పల్లెటూరి గురువు. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895 మొదలు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూర తిరిగి యువకుల మధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఇంతవరకు ఇది ఒక మంచి క్రైస్తవ యువకుని జీవితమే.

1902లో వారు సింహళద్వీపమందలి యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమలో తాము చందాలు వేసికొని ఇతర ప్రాంతములకు సేవకులను పంపుచుండిరి. అది చూచి అజరయ్యగారికి సిగ్గు కలిగెను. తిరునెల్వేలి సంఘము ఎంతో పాతది, ఎంతో పెద్దది. గుడులున్నవి, బడులున్నవి, గురువులున్నారు. అయినను సువార్త నెరుగని వేరొక జనమునకు తనంతట తాను మిషనెరీలను పంపవలెనన్న తలంపు ఆ సంఘమునకు ఇంకను కలుగలేదు. కడుపునిండ తిని, పొరుగింటి పొయ్యి వెలిగెనా లేదా అని చూడని గృహస్థునివలె ఉండెను.

సిగ్గుపడి ఊరకుండినయెడల ఈ చరిత్ర వ్రాయనక్కరలేదు. 1903 ఫిబ్రవరి 12న, స్నేహితులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. మనుష్యులు భారతీయులే, డబ్బు భారతీయులదే. మరుసటి యేట ఆ సంఘపు మొదటి మిషనెరీ దోర్నకల్ ప్రాంతమునకు వచ్చెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడుటలోను వీరు ముఖ్యులు.

అయితే ఇతరులను పొమ్మని పంపుట ఒకటి, తాను పోవుట మరియొకటి. బోధించు మాకు ఈ భేదము బాగుగా తెలియును. 1909లో, ముప్పదియైదవ యేట, వారు ఆ ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, భార్యబిడ్డలతో దోర్నకల్‌కు వచ్చిరి. అది అప్పుడు నైజాము రాజ్యము. ఇప్పుడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లా. భాష కొత్త. పెద్ద సభలలో ఇంగ్లీషున ధారాళముగా ప్రసంగించిన మనుష్యుడు చిన్నపిల్లవానివలె తెలుగు నేర్చుకొనవలసివచ్చెను.

1910లో ఎడింబరో మహాసభలో, దొరల మిషనెరీలు భారతీయ సేవకులను పనివారివలె గాక స్నేహితులుగా చేర్చుకొనవలెనని వారు నిర్మొగమాటముగా పలికిరి. కొందరికి ఆ మాట కటువుగా తోచెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ సంగతిని మనము గర్వముగా చెప్పుకొందుము, తప్పులేదు. కాని వారి ఘనత ఎద్దుబండి ప్రయాణములలోనే ఎక్కువగా కనబడునని నా అభిప్రాయము.

ఆ పల్లెలలో సంఘములోనికి వచ్చినవారు చాలవరకు మాలలు, మాదిగలు. అక్షరము రానివారు, అప్పులలో మునిగినవారు. వీరు ముందు నేర్చుకొననీ, తరువాత సాక్ష్యమిత్తురు అని అజరయ్యగారు అనలేదు. పల్లెకు వెళ్లినప్పుడు బాప్తిస్మము పొందినవారిచేత తమ చెయ్యి తమ తలమీద పెట్టించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పనియెడల తమకు శ్రమయనియు పలికించెడివారు. పౌలు తన్నుగూర్చి వ్రాసిన మాటను కూలివాని నోట పెట్టిరి! కల్లు మానుట, శుభ్రత, అప్పు చేయకుండుట, పిల్లలను బడికి పంపుట ఇవన్నియు శిష్యత్వములో భాగమేయని నేర్పిరి. పేదవారును దేవునికి ఇయ్యవలెనని బోధించిరి. పిడికెడు బియ్యమును కానుకయే. దోర్నకల్ దైవజ్ఞాన పాఠశాలలో శిష్యులు భార్యలతో కాపురముండి, పొలము పనియు చేసికొనుచు చదివిరి.

దీని ఫలమేమి? పొలము గట్టుమీద నిలిచి చూచుచున్న రైతులు తమ జీతగాండ్ర మార్పును గమనించిరి. త్రాగి తిట్టువాడు తిట్టుట మానెను, దొంగిలించువాడు మానెను. ఇది ఏ దేవునివలన జరిగెనని విచారించి, 1920, 1930ల కాలములో రెడ్లు, కమ్మవారు, తెలగాలు అనేకులు ఆ పేదల దేవునియొద్దకే వచ్చిరి. పెద్ద ప్రసంగములవలన వచ్చినవారికంటె ఇట్లు వచ్చినవారే ఎక్కువమంది యుందురని నేను తలంచుచున్నాను.

1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అది మన దేశపు కట్టడపు రీతిలోనే నిలిచియున్నది. సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడి సభ మొదలుకొని వారు ప్రయాసపడిరి గాని, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట కన్నులార చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో నిద్రించిరి.

ఈ చరిత్ర వ్రాయుటకు కారణము చెప్పెదను. మొన్న శ్రమల కాలములో, మా గుడికి రెండు పొలముల అవతల నుండు ఒక పెద్దాయన నన్ను ఆపి, అయ్యగారూ, ముప్పది యేండ్లుగా మీ గంట వినుచున్నాను, అది ఎందుకు కొట్టుదురో ఒక్కరైనను నాతో చెప్పలేదే అనెను. ఆదివారము సంఘములో ఈ సంగతి చెప్పగా, ఒక పెద్ద లేచి, పాస్టరుగారు చెప్పియుందురనుకొంటిమి అనెను. నేనైతే, ఇరుగుపొరుగువారు చెప్పియుందురనుకొంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి బుధవారము, నాట్లకు పోవు ఒక సహోదరి, చదువు రానిది, నన్ను అడుగకయే ఆయన ఇంటికి వెళ్లి, తన కొడుకు జబ్బులో యేసు తనకెట్లు తోడైయుండెనో చెప్పి వచ్చెను. ఇప్పుడు ప్రతి బుధవారము అచ్చట దీపము పెట్టి పదిమంది కూర్చుండుచున్నారు.